గాదె ఉన్న ఇంటి పొదుపు

పాతకాలపు తెలుగు ఇంటి పొదుపు అనగానే అందరికీ దాదాపు ఒకే చిత్రం గుర్తుకొస్తుంది. పెరట్లో బీరపాదు, బావి గట్టున కరివేపాకు చెట్టు, వంటింటి అటక మీద వరసగా జాడీలు, ఎండలో పాత పంచె పరిచి పెట్టిన వడియాలు, మంచం మీద చిరిగిన చీరలు కలిపి కుట్టిన బొంత. కొనేది తక్కువ, చేసుకునేది ఎక్కువ అని ఆ చిత్రం చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే అది ఎవరి ఇంటి చిత్రమో మనం అడగం. ఆ ఇంటి ఆర్థికం నిలబడింది కొనకుండా ఉండటం మీద కాదు, పంట చేతికొచ్చే మూడు నాలుగు నెలల్లో ఏడాది సరుకును ఒక్క దెబ్బన చేర్చుకోగలగడం మీద. చేర్చుకోవాలంటే ముందుగా చేతిలో పొలమో ధాన్యమో రొక్కమో ఉండాలి. అంటే మనం అమ్మమ్మల సుగుణంగా చెప్పుకునే ఆ పొదుపు చాలావరకు గాదె ఉన్న ఇంటికే సాధ్యమైన పని. గాదె లేని ఇంట్లోనూ జాగ్రత్త ఉండేది, నేర్పూ ఉండేది. కానీ అక్కడ జాగ్రత్త పడ్డంత మాత్రాన ఏమీ మిగిలేది కాదు.

ఏడాది క్రమం చూస్తే విషయం తెలుస్తుంది. సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరుతుంది. డెల్టాలో వరి కోతకు ముందు ఆ చేలల్లోనే చల్లిన మినుము, పెసర మాఘ ఫాల్గుణాలకు కోతకొస్తాయి. మెట్ట ప్రాంతంలో కంది అప్పటికే కళ్లానికి వచ్చి ఉంటుంది. మిరపకాయ ఎండేదీ, చింతపండు దిగేదీ ఆ వెనకే. ఉగాది దాటాక మామిడి. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడే కాలంలోనే ఎండ కూడా ఉచితంగా దొరుకుతుంది. కందిపప్పుకు ఆముదం రాసి ఎండబెట్టడం, విత్తనపు కందులకు ఎర్రమన్ను పట్టించడం, చింతపండు గింజ తీసి ఉప్పు చల్లి కుండలో అదమడం, బూడిదగుమ్మడి కోరుకు మినప్పిండి కలిపి వడియాలు పెట్టడం, వంకాయ, దోసకాయ ముక్కలు కోసి వరుగులు చేయడం అన్నీ ఆ తొంభై, వంద రోజుల్లోనే ముగియాలి. తొలకరి పడితే ఏదీ ఎండదు. ఈ పనుల్లో ఒక్కటీ చిల్లరగా జరిగేది కాదు. ఆవకాయనే తీసుకుంటే, కాయ, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె అన్నీ ఒకే వారంలో, ఏడాదికి సరిపడా కొలతలో సిద్ధంగా ఉండాలి. రోజుకు ఇంత అని కూలి గింజలు తెచ్చుకునే ఇంట్లో ఏడాది నూనె ఒక్క పూట కొనడం ఊహకు అందే విషయం కాదు.

ఈ పద్ధతి ఎంత పాతదో చెప్పడానికి మంచి సాక్ష్యం ఆముక్తమాల్యద. 1509 నుంచి 1529 దాకా పాలించిన కృష్ణదేవరాయలు ఆ కావ్యంలో విష్ణుచిత్తుడి ఇంట అతిథి భోజనాన్ని ఋతువుల వారీగా వర్ణించాడు. జడివాన పట్టిన రోజుల్లో పొయ్యి పొగచూరకుండా కొబ్బరి చిప్పలు మంటపెట్టి ఇల్లాలు వండుతుంది. విస్తట్లో మంచి వరి అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, పెరుగు, నెయ్యితో పాటు వడియాలు, వరుగులు కూడా ఉంటాయి. కథ శ్రీవిల్లిపుత్తూరులో జరిగినా ఆ వంటింటి సరంజామా తెలుగువారికి కొత్తదేమీ కాదు. బయట కూరగాయ దొరకని వానాకాలాన్ని వేసవిలో ఎండబెట్టిన సరుకుతో గట్టెక్కించే పద్ధతి ఐదు వందల ఏళ్ల కిందటే స్థిరపడి ఉందన్నమాట. మరో సంగతీ గమనించాలి. ఆ వరుగులు లేమికి గుర్తు కావు. వేళకాని వేళ ఎందరొచ్చినా పెట్టగలిగిన ఇంటి సమృద్ధికి గుర్తుగానే కవి వాటిని వడ్డించాడు. ఆ వంటింట్లో మిరపకాయ కనిపించదు; అది పోర్చుగీసువారి ఓడల్లో అమెరికా ఖండాల నుంచి వచ్చి ఇక్కడ వేళ్లూనుకోవడానికి ఇంకా సమయం ఉంది. అప్పటి ఊరగాయకు ఘాటు ఆవాలదీ మిరియాలదీ. కాబట్టి ఈనాటి ఎర్రటి ఆవకాయను అనాది సంప్రదాయమనే వాళ్లు కొన్ని శతాబ్దాలు తగ్గించి చెప్పుకోవాలి. తెలంగాణ, రాయలసీమల్లో పచ్చడికి పోసే వేరుశనగ నూనె కూడా ఆ ఖండాల పంట చలవే.

ఇల్లు తనకు కావలసింది తానే చేసుకునేదన్న మాటకూ ఇలాంటి సవరణే అవసరం. కుండ కుమ్మరిది, కత్తిపీట కమ్మరిది, చేట మేదరివాళ్లది, గొంగడి కురుమలది. వీళ్లకు రొక్కం ఇచ్చేవారు కాదు. కళ్లం దగ్గర ఏడాదికోసారి మేర, అంటే పంటలో వాళ్ల వాటా, కొలిచేవారు. మేర కొలవడానికి కళ్లం ఉండాలి కదా! పండించే ఇంటికి ఏడాది పొడవునా చేతి పనులన్నీ ఉచితంగా జరిగినట్టు కనిపించడానికి కారణం ఈ ఏర్పాటే. తెలంగాణలో దేశ్‌ముఖుల గడీలకైతే ఆ మేర కూడా తప్పింది. చెప్పులు, కుండలు, కట్టెలు, కూరగాయలు వెట్టి కింద వచ్చిపడేవి. గడీలో ఖర్చు తక్కువని మెచ్చుకునే చరిత్రకారుడు ఎవరూ లేడు గానీ, లెక్క ప్రకారం చూస్తే అంత పొదుపైన ఇల్లు మరొకటి ఉండదు. ఇక ఉప్పు ఏ ఊళ్లోనూ ఇంట్లో పండేది కాదు. సముద్రానికి దూరంగా ఉన్న తెలంగాణ పల్లెకు అది లంబాడీల ఎడ్ల మీద వచ్చేది. తీరం నుంచి ఉప్పు మోసుకొచ్చి తిరుగు దారిలో ధాన్యం, పత్తి తీసుకుపోయేవారు. రైళ్లు వచ్చి వాళ్ల వ్యాపారాన్ని దెబ్బతీసేదాకా మారుమూల జాడీకి సముద్రంతో సంబంధం ఆ ఎడ్ల వరసే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి తన యాత్రా చరిత్రలో ఏ మజిలీలో అంగళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దొరకవు అని ఓపికగా రాసుకున్నారు. ఆనాటి దారి వెంట ఊళ్లలోనూ అంగడి మామూలు విషయమే. మార్కెట్టు నిన్న మొన్న వచ్చి మన ఇళ్లను చెడగొట్టలేదు.

ఉప్పు దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే నిల్వ వంటకు ప్రాణం అదే. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టింది. 1878 నాటికి సుమారు 37 కిలోల మణుగుకు పన్నే రెండున్నర రూపాయలు. అన్నంలో వేసుకునే ఉప్పు మీద ఈ భారం ఎంతో కొంత అందరికీ తగిలింది. కానీ కాయలు, చేపలు ఊరబెట్టడానికి పిడికెడు చాలదు, తట్టలు కావాలి. పన్ను వల్ల ఎండుచేపల పని దెబ్బతింటోందని సర్కారుకే అర్థమై, మత్స్యకారులకు పన్ను లేని ఉప్పు ఇచ్చే చేపల యార్డులను తీరం వెంట తెరవాల్సి వచ్చింది. ఊరగాయకు అలాంటి మినహాయింపు ఎవరూ ఇవ్వలేదు. 1930లో దేవరంపాడు శిబిరం నుంచి టంగుటూరి ప్రకాశం ఉప్పు చట్టాన్ని ధిక్కరించినప్పుడు ఆ ఉద్యమంలో స్వరాజ్యం ఎంత ఉందో వంటిల్లూ అంత ఉంది. ఇంట్లో చేసుకునే పచ్చడి మీద కూడా సర్కారు చెయ్యి ఉండేదని తెలిస్తే, ఇంటి పొదుపును ఇంటి గోడల మధ్యే వివరించలేమని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు గాదె లేని ఇంటికి వద్దాం. కూలి గింజల రూపంలో, ఏ రోజుకారోజు వస్తుంది. కోతల కాలంలో గింజ చవకగా ఉన్నప్పుడు కొని దాచే రొక్కం ఉండదు. ఆషాఢ శ్రావణాల్లో పని తగ్గి ధర పెరిగినప్పుడు అప్పు చేయాలి. ఆ అప్పుకు పల్లెల్లో నాగు అని పేరు. తీసుకున్న గింజలకు కోతల్లో ఒకటిన్నర రెట్లు కొలవడం మామూలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. అప్పిచ్చే గింజ ఎక్కడిది? పొదుపుగా గాదెలో నిలవున్నదే. ఒక ఇంటిని వానాకాలం గట్టెక్కించిన నిల్వే పక్క వాడలో మరో ఇంటిని వచ్చే కోతల దాకా తాకట్టులో ఉంచింది. పొదుపు చరిత్ర రాసేవాళ్లు మొదటి సగం రాసి రెండో సగం వడ్డీ వ్యాపారం అనే వేరే అధ్యాయంలోకి నెట్టేస్తారు. గింజ ఒకటే అయినప్పుడు అధ్యాయమూ ఒకటే కావాలి.

కరువులు ఈ తేడాను నిర్దాక్షిణ్యంగా బయటపెట్టాయి. 1832–33 నందన కరువులో గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారని ఆనాటి అంచనా. 1876లో మొదలైన ధాత కరువు కడప, కర్నూలు, బళ్లారి వైపు ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి సర్కారు అధికారి రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన రోజు కూలి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, దానిమీద ఒక అణా. ఆ కరువుల్లో పోయినవాళ్లలో దుబారా మనుషులు ఎందరుంటారు? మెతుకు వృథా చేయడం తెలియని జనమే ముందు పోయారు. పాతరలో జొన్నలున్న ఇల్లు కరువును ఈడ్చుకొచ్చింది. ఏడాదంతా అంబలిని నీళ్లతో పెంచుకు తాగిన ఇల్లు మొదటి నెలలోనే సహాయ శిబిరానికి నడిచింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. పేదింట్లో పొదుపు లేదంటే ఎలా? గుడిసె కప్పు మీదికి సొరపాదు పాకించింది వాళ్లే, గట్ల మీద తుమ్మికూర, గునుగు, పొన్నగంటి ఏరుకొచ్చి వండింది వాళ్లే, పాత గుడ్డపేలిక పారేయకుండా బొంతలో కలిపిందీ వాళ్లే. నిజమే. పోషకాల లెక్క చూస్తే ఆ ఆకుకూరల కుండ చాలా పెద్దింటి విస్తళ్లకన్నా మెరుగు కూడా. కానీ ఈ జాగ్రత్త ఆధారపడింది ఇంటి లోపలి నిల్వ మీద కాదు, ఇంటి బయటి హక్కు మీద. పక్కవాడి చేలో కలుపు ఏరుకోనిచ్చినంతకాలం, పోరంబోకులో కట్టె కొట్టుకోనిచ్చినంతకాలం అది సాగింది. అడవి చట్టాలు బిగిసి, బీళ్లు పట్టాలై, చేలల్లో కలుపు మందులు వచ్చాక ఆ కూరలు కనబడకుండా పోయాయి. నేర్పు అలాగే ఉంది, ఏరుకునే చోటు పోయింది. పేదింటి వంటకు మూలధనం ఆ చోటే. దాన్ని పొదుపు అని పిలవడం వల్ల అది ఎవరి చేతుల్లోంచి ఎలా జారిపోయిందో అడగాలన్న సంగతే మరుగున పడుతుంది.

మరో అభ్యంతరం చేతిపనులది. పంట దాచాలంటే పొలం కావాలి సరే, నూలు వడకడానికీ అల్లడానికీ తీరిక చాలు కదా అంటారు. గాంధీజీ వాదన సారాంశం కూడా దాదాపు ఇదే. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ నిధి, ఇరవై లక్షల రాట్నాలు లక్ష్యంగా పెట్టుకుంది. అప్పటికి తెలుగు జిల్లాల్లో చాలాచోట్ల రాట్నం అటకెక్కి దశాబ్దాలైంది. మిల్లు నూలు ముందు వడికేవాళ్ల పొట్ట కొట్టి, తర్వాత నేసేవాళ్ల మీద పడింది. పొందూరు లాంటి చోట్ల మాత్రం పని బతికి ఉంది. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, సన్నటి నూలు తీస్తారు. ఆ పని చూసినవాళ్లెవరూ దాన్ని తీరిక వేళ కాలక్షేపం అనలేరు. అది పూర్తి స్థాయి వృత్తి, ఏళ్ల తరబడి చేతికి పట్టుబడే విద్య. రాట్నాన్ని తీరికతో ముడిపెట్టినప్పుడు వడికే స్త్రీకి న్యాయమైన కూలి ఎంతన్న ప్రశ్న వెనక్కిపోయింది; ఖద్దరు ఉద్యమం ఆ ప్రశ్నతో తర్వాత చాలాకాలం కుస్తీ పట్టవలసి వచ్చింది.

తీరిక అనే మాట ఎంత దూరం తీసుకుపోగలదో నరసాపురం లేసు చూపిస్తుంది. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మాక్రే అనే మిషనరీ దంపతులు పశ్చిమ గోదావరి వైపు, కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న మాల మాదిగ స్త్రీలకు ఈ అల్లిక నేర్పారు. కాలక్రమాన అది కాపు ఇళ్లలోకి పాకి, వేల మంది చేతుల్లో విదేశీ ఎగుమతి సరుకైంది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర అక్కడ ఉండి అధ్యయనం చేసి, 1982లో పుస్తకం తెచ్చారు. ఆమె తేల్చిన సంగతి సూటిగా ఉంటుంది. రోజూ గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం అల్లే ఈ స్త్రీలను వ్యాపారులూ, ఇంటి మగవాళ్లూ, చివరకు వాళ్లకు వాళ్లే గృహిణులనే పిలుచుకున్నారు. ఇంట్లో ఊరికే కూర్చునే సమయంలో చేసే పని కనుక దానికి కూలి పేరుతో ఏమిచ్చినా లాభమే అన్నది లెక్క. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీకి దొరికే కూలికన్నా ఇంట్లో కూర్చుని అల్లే స్త్రీకి ముట్టేది తక్కువ. అయినా గడప దాటని పరువు వల్ల అల్లేవాళ్లకే హోదా ఎక్కువ. ఎగుమతిదారు లాభాన్ని ఆ పరువు కాపాడింది. చేతిపని డబ్బు మిగిల్చిందా అంటే మిగిల్చింది, అల్లినవాళ్ల ఇంట్లో మాత్రం కాదు.

మరి ఈ పొదుపును స్త్రీ ధర్మంగా బోధించడం ఎప్పటి నుంచి మొదలైంది? ముద్రణ వచ్చాక, నెల జీతం వచ్చాక అని నా అంచనా. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తై డెల్టాలో వరి స్థిరపడింది. ఆ సంపద పిల్లలను బడికీ, బడి నుంచి కచేరీ ఉద్యోగాలకూ పంపింది. పట్నంలో కాపురం పెట్టిన గుమాస్తా ఇంటికి కళ్లం లేదు, మేర లేదు. ఒకటో తారీఖు మాత్రం ఉంది. ఏడాది లెక్క నెల లెక్కగా మారినప్పుడు ఇల్లాలికి కొత్తగా బోధించాల్సిన అవసరం పుట్టింది. 1883లో వీరేశలింగం సతీహితబోధిని, ఆ వెనక 1902లో హిందూసుందరి, 1928లో కేసరిగారి గృహలక్ష్మి పత్రికలు ఇలాంటి పాఠకురాలికోసమే వచ్చాయి. వాటిలో స్త్రీ విద్య కోసం పడిన తపన చిన్నది కాదు, దాన్ని తక్కువ చేయలేం. కానీ గృహ నిర్వహణ స్త్రీ గుణగణాల్లోకి చేరిపోవడం ఈ కాలంలోనే జరిగింది. ఊరి నుంచి బస్తా బియ్యం, పచ్చడి జాడీ వచ్చే ఇల్లాలు నెల గడిపితే అది ఆమె నేర్పుగా, అవి రాని ఇల్లాలు గడపలేకపోతే ఆమె లోపంగా చదవడం తేలికైంది. ఈనాడు అమెరికాలో ఉన్న కూతురికి కొరియర్‌లో వెళ్లే పచ్చడి డబ్బాలకు మూలం ఆ బస్తా, ఆ జాడీయే.

ఇదంతా చదివి, ఇంటి వంటలోని ఆనందాన్నీ నైపుణ్యాన్నీ లెక్కల్లో ముంచేశావని ఎవరైనా అనవచ్చు. ఆవకాయ మీద నూనె ఎంత తేలాలో, వడియం ఏ ఎండకు తిరగేయాలో, విత్తనాల బుట్టలో వేపాకు ఎంత, బూడిద ఎంత వేయాలో తెలియడం గొప్ప విద్యే. అయితే ఆ విద్య ఏ ఒక్క కులానిదీ, అంతస్తుదీ కాదు. పెద్దింటి ఊరగాయలకు కారం దంచిందీ, ధాన్యం చెరిగిందీ, గాదె అలికిందీ ఎక్కువగా గాదె లేని స్త్రీలే. పని వచ్చిన చేతులకు సరుకు లేదన్నదే నా వాదన. సరుకు అందితే ఏమవుతుందో చూపిన ఉదాహరణలు ఈమధ్యవే రెండున్నాయి.

మొదటిది 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం. దాని ఖర్చు మీదా, రాజకీయం మీదా ఎన్ని విమర్శలున్నా, అది కూలి ఇంటికి నెలనెలా ఖాయంగా గింజ అందించింది. ఆషాఢంలో నాగు కోసం వంగాల్సిన అవసరాన్ని అది కొంతైనా తగ్గించింది. దానికి మూల్యమూ ఉంది. జొన్న, సజ్జ, కొర్ర తినే మెట్ట ప్రాంతంలో తెల్లబియ్యం కంచంలోకి వచ్చాక ఆ పంటలకు గిరాకీ పడిపోయి, నాసిరకం భూములు బీళ్లయ్యాయి. రెండో ఉదాహరణ ఈ బీళ్ల మీదే మొదలైంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచే పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఎక్కువమంది సభ్యులు దళిత స్త్రీలు. 1990ల మధ్యలో వాళ్ల సంఘాలు బీడు పడిన చెలకలను దున్నించడానికి చిన్న రైతులకు అప్పిచ్చి, ఆ అప్పును రొక్కంగా కాకుండా జొన్నలుగా తిరిగి కట్టించుకున్నాయి. ఆ జొన్నలు ఊళ్లోనే దాచారు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది తేల్చడానికి ఊరంతా కూర్చుని ఇళ్ల పటం గీశారు. ఎవరి ఇల్లు ఎంత పేదదో అందరి ముందే చర్చించి నిర్ణయించారు. వానాకాలంలో కూలి దొరకని నెలల్లో ఆ గింజను తక్కువ ధరకు అమ్మారు, అందరికన్నా పేద ఇంటికి ఎక్కువ వాటా ఇచ్చి.